మోచేతి టెండన్ నొప్పి: రెండో ఇంజెక్షన్‌కు ముందు తెలుసుకోవలసినవి

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. మీ వయసు 43. రోజంతా కంప్యూటర్ మీద పని. నాలుగు నెలల కిందట ఇంటి గోడల మీది పాత రంగును రెండు వారాంతాల పాటు మీరే గీకారు. వారం తిరగకముందే కుడి మోచేతి బయటి వైపు నొప్పి మొదలైంది. నీళ్ల సీసా ఎత్తినా, తడిగుడ్డ పిండినా, తలుపు పిడి తిప్పినా కలుక్కుమంటోంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే అయిదు వారాలు హాయిగా గడిచాయి. తర్వాత నొప్పి మునుపటి కన్నా ఎక్కువగా తిరిగొచ్చింది. ఎంఆర్‌ఐ రిపోర్టులో ‘టెండన్‌లో పాక్షిక చిరుగు’ అని ఉంది. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం. రెండో ఇంజెక్షన్‌కు అపాయింట్‌మెంటు ఉంది. రెండో ఇంజెక్షన్ వేయించుకోవాలా, చిరుగు ఉంది కాబట్టి ఆపరేషన్ తప్పదా, అప్పటిదాకా చేతికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ఫిజియోథెరపిస్టుగా ఇలాంటి మోచేతులను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. నా సమాధానం ఇది: రెండో ఇంజెక్షన్ వద్దు. ఆపరేషన్ గురించి ఇప్పుడే ఆలోచించనక్కర్లేదు. పూర్తి విశ్రాంతి కూడా వద్దు. చేతిని కొలత ప్రకారం, క్రమంగా పెరిగే బరువుతో పని చేయించాలి. ఇదంతా మీ చేతిని చూడకుండా రాస్తున్న మాట. కాబట్టి ఏ లక్షణం కనిపిస్తే వ్యాయామం ఆపి డాక్టరును కలవాలో కూడా చెబుతాను.

మోచేతి బయటి వైపు తడిమితే ఒక ఎముక బొడిపె గట్టిగా తగులుతుంది. మణికట్టును, వేళ్లను వెనక్కి ఎత్తే కండరాల్లో చాలావరకు ఉమ్మడిగా అక్కడే మొదలవుతాయి. వాటిలో ఎక్కువగా దెబ్బతినేది ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ బ్రెవిస్ అనే కండరపు టెండన్. ‘నేను మణికట్టును వెనక్కి ఎత్తే పనులేమీ చేయలేదు, గీకుడు పనిముట్టును గట్టిగా పట్టుకున్నానంతే’ అని మీకు అనిపించవచ్చు. అసలు కారణం ఆ పట్టుకోవడమే. పిడికిలి బిగించినప్పుడు వేళ్లను ముడిచే కండరాలు మణికట్టును కూడా లోపలికి లాగుతాయి. అది వంగిపోకుండా వెనక నుంచి ఆపి ఉంచేది ఈ బయటి వైపు కండరాలే. మణికట్టును పూర్తిగా లోపలికి వంచి పిడికిలి బిగించి చూడండి, పట్టు రాదు. అంటే గట్టిగా పట్టుకున్న ప్రతిసారీ ఈ టెండన్ మీద బరువు పడుతూనే ఉంటుంది. పైగా చేయి చాచి, అరచేయి నేలవైపు ఉంచినప్పుడు టెండన్ లోపలి భాగం దాని అడుగున ఉన్న పై చేతి ఎముక గుండ్రటి కొనకు ఒత్తుకుంటుంది. దూరంగా ఉన్న వస్తువును అరచేయి కిందికి పెట్టి ఎత్తితే నొప్పి ఎక్కువగా తెలియడానికి కారణం అదే.

దీన్ని అందరూ టెన్నిస్ ఎల్బో అంటారు గానీ నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది రాకెట్టు పట్టినవారు కాదు. 2004లో సచిన్ టెండూల్కర్‌కు ఇది వచ్చినప్పుడు ఈ పేరు ఇంటింటికీ తెలిసింది. ఆయన కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్, నొప్పి వచ్చింది ఎడమ మోచేతికి. బ్యాటు పిడిని పైన పట్టుకునేది ఎడమ చేయే. గట్టి పట్టు ఏ చేతిదైతే నొప్పి ఆ చేతిదే. వడ్రంగులు, మెకానిక్కులు, వంటవాళ్లు, పసిపిల్లలను ఎత్తుకుని తిరిగే తల్లిదండ్రులు, మౌసు మీద చేయి గాల్లో నిలిపి గంటల తరబడి పనిచేసేవారు ఈ నొప్పితో వస్తుంటారు. పెద్దల్లో దాదాపు 1 నుంచి 3 శాతం మందికి ఇది ఉంటుంది. 35 నుంచి 55 ఏళ్ల మధ్య ఎక్కువ. ఆడవారికీ మగవారికీ దాదాపు సమానంగానే వస్తుంది.

అసలు ఆ టెండన్‌లో ఏం జరుగుతోందో తెలిస్తే చికిత్స సగం అర్థమైనట్టే. చాలాకాలం దీన్ని వాపు అనుకున్నారు. వాపు తగ్గించే మందులు ఇవ్వడం అలా మొదలైంది. 1979లో నిర్షల్, పెట్రోన్ అనే శస్త్రచికిత్స నిపుణులు ఆపరేషన్‌లో తీసిన కణజాలం గురించి వివరంగా రాశారు. ముదిరిన కేసుల్లో సూక్ష్మదర్శిని కింద వాపు కణాలు పెద్దగా కనిపించలేదు. ఆరోగ్యకరమైన టెండన్‌లో కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు దువ్విన జుట్టులా ఒకే వరుసలో ఉంటాయి. వీటిలో ఆ వరుస చెదిరిపోయి ఉంది, ఉండకూడని చోట సన్నటి రక్తనాళాలు పుట్టుకొచ్చి ఉన్నాయి. ఇలాంటి కొత్త నాళాల వెంట నరాల కొనలు కూడా వస్తాయి. నొప్పికి అదీ ఒక కారణం కావచ్చని భావిస్తున్నారు. క్లుప్తంగా చెప్పాలంటే ఇది మాటిమాటికీ సాగి, మానేందుకు వ్యవధి దొరకక, మరమ్మతు సగంలో ఆగిపోయిన టెండన్.

మీ విషయంలో ఆ మార్పు రెండు వారాంతాల్లోనే పుట్టిందని నేను అనుకోను. మౌసు పనికి అలవాటుపడి, అంతకు మించిన బరువు ఎరగని టెండన్ కొన్నేళ్లుగా నెమ్మదిగా బలం కోల్పోయి ఉండవచ్చు. గోడ పని దాని మీద ఒక్కసారిగా అయిదారు రెట్లు పని మోపింది. ఎక్కువ పని కన్నా, అలవాటు లేని పని ఒక్కసారిగా మీద పడటం ప్రమాదం. ఏళ్ల తరబడి రోజూ సుత్తి పట్టేవారికి ఏమీ కాకుండా, ఏడాదికోసారి పట్టేవారికి నొప్పి రావడం నేను తరచుగా చూస్తాను. పొగతాగే అలవాటు, అధిక బరువు, అదుపులో లేని మధుమేహం టెండన్లు మానడాన్ని నెమ్మదింపజేస్తాయి. సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కూడా టెండన్లను బలహీనపరచగలవు. ఈమధ్య అలాంటివి వాడి ఉంటే డాక్టరుతో తప్పక చెప్పండి.

ఇక ఇంజెక్షన్ సంగతి. మీ నిర్ణయమంతా దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. స్టెరాయిడ్ నొప్పిని నిజంగానే తగ్గిస్తుంది. ఆ అయిదు వారాల హాయి మీ భ్రమ కాదు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. 2002లో నెదర్లాండ్స్‌లో 185 మందితో చేసిన పరిశోధనలో ఆరు వారాలకు ఇంజెక్షన్ వేసినవారిలో 92 శాతం మంది మెరుగయ్యారు. ఫిజియోథెరపీ తీసుకున్నవారిలో 47 శాతం, జాగ్రత్తలు మాత్రమే చెప్పి ఎదురుచూడమన్నవారిలో 32 శాతం మంది మెరుగయ్యారు. అక్కడితో లెక్క ఆపితే ఇంజెక్షన్‌కు తిరుగు లేదనిపిస్తుంది. కానీ ఏడాది తర్వాత అదే మనుషులను చూస్తే ఇంజెక్షన్ బృందం 69 శాతం దగ్గర ఉంది, ఫిజియోథెరపీ బృందం 91 శాతానికి, ఊరికే ఎదురుచూసినవారు 83 శాతానికి చేరారు. ఏ చికిత్సా తీసుకోనివారు కూడా ఇంజెక్షన్ వేయించుకున్నవారిని దాటిపోయారు.

2013లో ఆస్ట్రేలియాలో 165 మందితో మరో పరిశోధన జరిగింది. ఇందులో కొందరికి స్టెరాయిడ్, కొందరికి మందు లేని ఉత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వారికి తెలియదు. ఏడాది తర్వాత స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 83 శాతం మంది, ఉత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 96 శాతం మంది పూర్తిగా గానీ చాలావరకు గానీ కోలుకున్నారు. నొప్పి తిరగబెట్టినవారు స్టెరాయిడ్ బృందంలో 54 శాతం, రెండో బృందంలో 12 శాతం. మీకు జరిగింది సరిగ్గా ఇదే. మీ చేయి మొండిదని గానీ, మొదటి మోతాదు చాలలేదని గానీ దీన్నుంచి అర్థం చేసుకోకండి. స్టెరాయిడ్ టెండన్ కణాల పనిని, కొల్లాజెన్ తయారీని అణచివేస్తుంది. నొప్పి లేదు కదా అని ఆ అయిదు వారాలూ మీరు చేతిని మామూలుగానే వాడి ఉంటారు. బలహీనపడిన టెండన్ మీద ఆ బరువంతా పడింది. ఇంజెక్షన్ మళ్లీ మళ్లీ వేస్తే ఆ చోట చర్మం తెల్లబారవచ్చు, చర్మం కింది కొవ్వు పలచబడవచ్చు. మధుమేహం ఉన్నవారికి కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది. పలు ఇంజెక్షన్ల తర్వాత, ఎముకను ఎముకకు కట్టి ఉంచే మోచేతి బయటి లిగమెంటు కూడా బలహీనపడి కీలు నిలకడ తప్పిన సందర్భాలు ఉన్నాయి. ఒక ఇంజెక్షన్ వేసి పొరపాటు చేశారని మీ డాక్టరును నిందించడం లేదు. భరించలేని నొప్పిలో కొద్ది వారాల ఉపశమనం కోసం ఇవ్వడం ఇప్పటికీ వాడుకలో ఉంది. మొదటిది విఫలమయ్యాక రెండోదానికి మాత్రం నాకు కారణం కనిపించదు.

నిదానించి చూడవలసినది మరొకటి, ఇది టెన్నిస్ ఎల్బోయేనా అన్నది. మీ వర్ణన బాగానే సరిపోతోంది. నిర్ధారణ ప్రధానంగా చేతితో చేసే పరీక్షలతోనే జరుగుతుంది, స్కాన్‌తో కాదు. మోచేయి నిటారుగా చాచి, అరచేయి కిందికి పెట్టి, పిడికిలి బిగించి మణికట్టును వెనక్కి ఎత్తండి. రెండో చేత్తో దాన్ని కిందికి నొక్కండి. ఎముక బొడిపె దగ్గర మీకు తెలిసిన ఆ నొప్పే వస్తే ఒక ఆధారం దొరికినట్టు. వేళ్లు చాచి నడిమివేలిని మాత్రమే కిందికి నొక్కుతూ ఎదురు తోసినా అక్కడే నొప్పి వస్తే రెండో ఆధారం. చేయి చాచి, అరచేయి కిందికి పెట్టి తేలికైన కుర్చీని వీపు దగ్గర పట్టుకుని ఎత్తడం మూడోది. నేను వీటన్నిటి కన్నా ఎక్కువగా నమ్మేది పట్టు కొలత. పట్టు కొలిచే చిన్న పరికరంతో, నొప్పి మొదలయ్యేదాకా మాత్రమే నొక్కమని, మోచేయి వంచి ఒకసారి, చాచి ఒకసారి కొలుస్తాను. ఈ జబ్బులో చాచినప్పుడు అంకె స్పష్టంగా పడిపోతుంది. చికిత్స పనిచేస్తోందా లేదా అన్నది కూడా నొప్పి కన్నా ముందుగా ఈ అంకే చెబుతుంది.

కొన్ని ఇతర సమస్యలు ఇదే వేషంలో వస్తాయి. బొడిపె మీద కాకుండా దానికి మూడు నాలుగు సెంటీమీటర్ల కింద, ముంజేతి కండరంలో నొక్కితే ఎక్కువ నొప్పి, రాత్రిపూట లాగినట్టు సలుపు ఉంటే అక్కడ రేడియల్ నరం ఒత్తుకుంటోందేమో చూడాలి. మెడ తిప్పితే చేతిలోకి నొప్పి పాకడం, బొటనవేలు చూపుడువేలు తిమ్మిరెక్కడం ఉంటే మూలం మెడలో ఉండవచ్చు. మెడ, మోచేయి రెండూ ఒకేసారి ఇబ్బంది పెట్టడం కూడా అరుదు కాదు. అందుకే నేను మోచేతి కోసం వచ్చినవారి మెడను చూడకుండా పంపను. చేయి పట్టేసినట్టు ఆగిపోవడం, పూర్తిగా చాచలేకపోవడం, లోపల ఏదో కదిలినట్టుండటం కీలు సమస్యలకు గుర్తు. కుర్చీ చేతుల మీద ఆనుకుని లేచేటప్పుడు మోచేయి జారుతున్నట్టు అనిపిస్తే లిగమెంటును పరీక్షించాలి. ఎరుపు, వేడి, జ్వరం ఉంటే, లేదా టప్పుమని శబ్దం వచ్చి మోచేతి ముందు భాగం కమిలిపోతే, లేదా చేతిలో బలం త్వరత్వరగా తగ్గిపోతుంటే ఇక్కడ రాసినవన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టరును కలవండి. ఎడమ చేతి నొప్పితో పాటు ఛాతీలో బిగువు, చెమటలు, ఆయాసం ఉంటే అది మోచేతి విషయం కాదు, అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లాలి.

స్కాన్‌లోని ‘పాక్షిక చిరుగు’ అనే మాట మిమ్మల్ని ఎంత కలవరపెట్టిందో మీ రాతలో కనిపిస్తోంది. నలభై దాటినవారిలో నొప్పే లేని మోచేతులకు స్కాన్ తీసినా టెండన్‌లో ఇలాంటి మార్పులు దొరుకుతాయి. చెదిరిన పోగుల మధ్య సన్నటి ఖాళీలు కూడా రిపోర్టులో చిరుగుగానే నమోదవుతాయి. స్కాన్‌లో మచ్చ ఎంత పెద్దదన్నది నొప్పి ఎంతన్నదానితో సరిగ్గా కలవదు. మనిషి పూర్తిగా కోలుకున్నాక కూడా స్కాన్‌లో ఆ మచ్చ మిగిలి ఉండవచ్చు. టెండన్ ఎముక నుంచి పెద్ద భాగం ఊడిపోయిందని, లేదా లిగమెంటు కూడా తెగిందని రాసి ఉంటే అది వేరే సంగతి. మీరు రాసిన దాన్నిబట్టి అలా లేదు. ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. కీలు అరుగుదల లాంటివి లేవని తేల్చుకోవడానికే అది పనికొస్తుంది.

చికిత్సలో మొదటి అడుగు చేతి మీద పడే బరువును సవరించడం. పూర్తిగా ఆపేస్తే టెండన్ ఇంకా బలహీనపడుతుంది, మళ్లీ పని మొదలుపెట్టిన రోజే నొప్పి వస్తుంది. కట్టు కట్టి నెలంతా కదపకుండా ఉంచినవారి చేతులను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. అంత ఓపిక పట్టీ వారికి దక్కింది సన్నబడిన ముంజేయి. మీరు చేయవలసింది నొప్పి తెచ్చే పద్ధతిని మార్చడం. వస్తువులను అరచేయి పైకి పెట్టి, మోచేతిని ఒంటికి దగ్గరగా ఉంచి, వీలైతే రెండు చేతులతో ఎత్తండి. గుడ్డ పిండే పని కొన్నాళ్లు ఎడమ చేతికో, ఇంట్లో మరొకరికో అప్పగించండి. సన్నటి పిడి కన్నా లావు పిడి ఉన్న పనిముట్లు మంచివి. మౌసును కీబోర్డు పక్కకు లాక్కుని, ముంజేయి మొత్తం బల్ల మీద ఆనేలా కూర్చోండి. మణికట్టు పైకి వంగి గాల్లో నిలవకూడదు. ప్రతి అరగంటకూ ఒక నిమిషం చేయి వదిలేయండి.

రెండో అడుగు వ్యాయామం. మొదటి ఒకటి రెండు వారాలు కదలిక లేకుండా నొక్కి పట్టే వ్యాయామం చాలు. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి నేలవైపు పెట్టి, మణికట్టు బల్ల అంచు బయట ఉండేలా కూర్చోండి. మోచేయి వంచి ఉండాలి. మణికట్టును తిన్నగా నిలిపి, రెండో చేత్తో వేళ్ల గెణుపుల దగ్గర కిందికి నొక్కుతూ, అది కదలకుండా ఎదురు తోయండి. 30 నుంచి 45 సెకన్లు పట్టి, ఒక నిమిషం ఆగి, అలా నాలుగైదు సార్లు. రోజుకు రెండు పూటలా. పూర్తి బలంతో కాదు, మీ బలంలో సగంతో మొదలుపెట్టండి. కొందరికి ఇది చేసిన గంట రెండు గంటలు నొప్పి తగ్గినట్టు కూడా ఉంటుంది, అందరికీ కాదు.

అది సులువుగా అనిపించాక బరువు ఎత్తడం మొదలుపెట్టాలి. అదే భంగిమలో అర కిలో లేదా కిలో డంబెల్, లేకపోతే నీళ్లు నింపిన సీసా పట్టుకోండి. మూడు సెకన్లలో మణికట్టును పైకి ఎత్తి, నాలుగు సెకన్లు తీసుకుంటూ నెమ్మదిగా దించండి. దించే భాగం అతి ముఖ్యం, అక్కడ తొందరపడితే వ్యాయామం సగం వృథా. 12 నుంచి 15 సార్లు ఒక విడత, అలాంటివి మూడు విడతలు, రోజు విడిచి రోజు. మధ్యలో ఆ ఖాళీ రోజు ఎందుకంటే బరువుకు స్పందించి టెండన్ కొత్త కొల్లాజెన్ తయారు చేసుకోవడానికి ఒకటి రెండు రోజుల వ్యవధి కావాలి. ‘రోజూ చేస్తే రెట్టింపు వేగంగా తగ్గుతుంది కదా’ అని ఉత్సాహవంతులు అడుగుతారు, తగ్గదు. చివరి రెండు మూడు సార్లు కూడా తేలికగా అయిపోతుంటే అర కిలో పెంచండి. తర్వాత మోచేతిని కొద్దికొద్దిగా చాచి అదే చేయండి. చాచిన చేత్తో ఎత్తగలగడమే మీ గమ్యం. దీనికి తోడు బరువు ఒక కొనలో ఉన్న కర్రను, సుత్తిని పట్టుకున్నట్టు పట్టి, ముంజేతిని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పడం, మెత్తటి బంతిని నొక్కడం చేర్చండి. భుజం, రెక్క ఎముక చుట్టూ ఉన్న కండరాలను మరవకండి. అవి బలహీనంగా ఉంటే చేయి చాచి చేసే పనిలో భారమంతా ముంజేతి మీదికి వస్తుంది. రబ్బరు బ్యాండును తలుపుకు కట్టి మోచేతులను వెనక్కి లాగే వ్యాయామం వారానికి రెండు మూడు సార్లు చేస్తే సరిపోతుంది.

వ్యాయామంలో నొప్పి వస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు నా కొలత ఇది. సున్నా నుంచి పది వరకు లెక్కలో మూడు నాలుగు దాకా నొప్పి వచ్చినా పర్వాలేదు. మర్నాడు ఉదయానికి అది మునుపటి స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే చేసినది ఎక్కువైంది, బరువు తగ్గించండి, వ్యాయామం మాత్రం మానకండి. నొప్పి అంటే చిరుగు పెద్దదవుతోందని భయపడి చేయి కదపని వారికి కోలుకోవడం ఆలస్యమవుతుంది. కనీసం పన్నెండు వారాలు పట్టుదలగా చేయాలి. టెండన్‌కు కండరమంత రక్తప్రసరణ ఉండదు, కాబట్టి దాని వేగం కండరపు వేగం కన్నా తక్కువ.

వ్యాయామం విషయంలో ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఏడాది గడిచాక చూస్తే ఫిజియోథెరపీ తీసుకున్నవారికి, జాగ్రత్తలతో ఎదురుచూసినవారికి మధ్య తేడా పెద్దదేమీ కాదు. పైన ఇచ్చిన అంకెల్లోనే అది కనిపిస్తుంది. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాదిలోపు ఎలాగూ తగ్గుతుంది. అయినా నేను మీకు వ్యాయామమే చెబుతున్నాను, ఎందుకంటే మీకు ఇప్పటికే ఒకసారి తిరగబెట్టింది, చేతి పని ఆపే వీలు లేదు, పట్టు తగ్గింది. కాలం నొప్పిని తగ్గించవచ్చు. పోయిన బలాన్ని తెచ్చేది మాత్రం బరువే. బలం రాకుండా నొప్పి మాత్రమే తగ్గినవారు మరో పెద్ద పని మీద పడ్డప్పుడు మళ్లీ వస్తారన్నది నా అనుభవం.

మిగతావన్నీ సహాయకాలు. మోచేతి పట్టీ పని ఉన్న గంటల్లో ఉపయోగపడుతుంది. బొడిపె మీద కాదు, దానికి రెండు వేళ్ల కింద, ముంజేతి కండరం మీద కట్టాలి. చాలామంది నొప్పి ఉన్నచోటే బిగించి, లాభం లేదంటారు. వేళ్లు తిమ్మిరెక్కేంత బిగువు వద్దు, నిద్రలో తీసేయండి. డైక్లోఫెనాక్ లాంటి జెల్ కొద్ది రోజులు నొప్పిని తగ్గిస్తుంది, మాత్రల కన్నా కడుపుకు, కిడ్నీలకు సురక్షితం. ఐసో వేడి కాపడమో, ఏది హాయిగా ఉంటే అది. ఫిజియోథెరపీ అంటే యంత్రం కింద చేయి పెట్టి పడుకోవడమే అన్నట్టు సాగే చికిత్స మీద డబ్బు పెట్టకండి. అల్ట్రాసౌండ్, లేజర్ వంటి వాటికి ఆధారాలు బలహీనం. నొప్పి ఉన్నచోట శబ్ద తరంగాలతో కొట్టే షాక్‌వేవ్ చికిత్స ఫలితాలు ఒక పరిశోధనకూ మరోదానికీ పొంతన లేకుండా ఉన్నాయి. సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని, అంటే పీఆర్‌పీని ఎక్కించడం గురించి ఎవరైనా చెబితే, 2021లో కాక్రేన్ సంస్థ అన్ని పరిశోధనలనూ కలిపి చూసి, నొప్పిలో గానీ చేతి పనితనంలో గానీ దానివల్ల చెప్పుకోదగిన లాభం ఉండకపోవచ్చని తేల్చిందని గుర్తుంచుకోండి.

మోచేతి లోపలి వైపు బొడిపె దగ్గర వచ్చే నొప్పి దీనికి తోబుట్టువే. దాన్ని గోల్ఫర్స్ ఎల్బో అంటారు. మణికట్టును లోపలికి వంచే, ముంజేతిని తిప్పే కండరాల టెండన్ అక్కడ దెబ్బతింటుంది. చికిత్స ఇదే పద్ధతి, అరచేయి పైకి పెట్టి చేయాలి. అక్కడ ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే పక్కనే పోయే అల్నార్ నరాన్ని తప్పక పరీక్షించాలి.

ఆపరేషన్ గురించి. సచిన్‌కు 2005లో శస్త్రచికిత్స జరిగింది కాబట్టి ఇదే చివరికి మార్గమని అనుకునేవారు ఉన్నారు. ఆటే జీవితంగా ఉన్నవారి నిర్ణయాలు వేరు. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు నెలలు సరైన వ్యాయామం చేసినా పని చేసుకోలేనంత నొప్పి మిగిలితేనే దాని గురించి మాట్లాడతారు. అది కొద్దిమందికే అవసరమవుతుంది. 2018లో వెలువడిన ఒక చిన్న పరిశోధనలో 26 మందిని రెండుగా విభజించి, సగం మందికి దెబ్బతిన్న టెండన్ భాగాన్ని తొలగించారు, మిగతావారికి చర్మం కోసి టెండన్‌ను చూసి ఏమీ తీయకుండా కుట్టేశారు. రెండు బృందాలూ ఒకేలా మెరుగయ్యాయి. 26 మంది అంటే తక్కువే, దాన్నిబట్టి ఆపరేషన్ పనికిరాదని చెప్పను. తొందర వద్దనడానికి మాత్రం అది చాలు.

మూడు నెలలు ఇలా చేశాక పట్టు పెరగకపోతే, వ్యాయామం సరిగ్గా చేస్తున్నారా అన్నది ఒకటి, నిర్ధారణ సరైనదేనా అన్నది రెండు, ఈ రెండింటినీ ఎముకల డాక్టరుతో, ఫిజియోథెరపిస్టుతో కలిసి మళ్లీ మొదటి నుంచి చూడాలి. ప్రస్తుతానికి ఇంజెక్షన్ అపాయింట్‌మెంటును రద్దు చేయనక్కర్లేదు. వెళ్లి, మీ మెడను, రేడియల్ నరాన్ని పరీక్షించమని అడగండి, మొదటి ఇంజెక్షన్ తర్వాత ఎలా తిరగబెట్టిందో చెప్పండి. రెండు వారాలు నొక్కి పట్టే వ్యాయామం చేస్తూ, ప్రతి ఉదయం నిద్ర లేవగానే నొప్పి పదిలో ఎంతో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ అంకెలు ఇక్కడ రాస్తే, బరువు అర కిలోతో మొదలుపెట్టాలో కిలోతో మొదలుపెట్టాలో చెబుతాను.